మూతపడ్డ మిల్లులో ఫోను

పత్తి సీజన్ అయిపోయి ఆదిలాబాద్‌లో జిన్నింగ్ మిల్లు మూతపడింది. వారాల తరబడి లోపల అంతయ్య ఒక్కడే మిషన్లు శుభ్రం చేస్తున్నాడు. అవి నడిచేటప్పుడు ఆ మోతలో మాట వినబడదు; మిల్లులో అందరికీ చేతిసైగలే అలవాటు.

చెన్నూరు నుంచి కూతురు నవనీత ఫోన్ చేసింది.

"బాపూ, తిన్నవా?"

తిన్నానని చెప్పాడు.

"పానం మంచిగున్నదా?"

దానికీ జవాబు చెప్పాడు. ఆమె మళ్లీ అదే అడిగింది. అంతయ్యకు ఒళ్లు మండింది. చెప్తుంటే వినదేం?

"సప్పుడు చేస్తలేవేంది బాపూ? జర ఏమన్న అనరాదు. నాకు భయమైతాంది." నవనీత ఏడుస్తోంది.

ఫికర్ చెయ్యొద్దని గట్టిగా అరిచాడు.

ఎదురుగా తుడిచిన రేకులో తన ముఖం కనబడింది. నోరు మూసే ఉంది. కుడిచెయ్యి ఒక్కటే గాల్లో సైగ చేస్తోంది.