బెల్టు చెప్పిన సాక్ష్యం

మా ఆయన బస్సు డ్రైవరు. నడుం నొప్పితో సీట్లో కూర్చోలేకపోతున్నాడు. డిపోలో నిలబడి చేసే పనేదైనా ఇప్పించమని కాళ్ళావేళ్ళా పడితే, కంపెనీ డాక్టరు నడుముకో బెల్టు కట్టించాడు. అందులో సెన్సార్ ఉందట. మనిషి కూర్చున్నాడా, నిలబడ్డాడా, నడిచాడా, పడుకున్నాడా, అన్నీ అదే పసిగడుతుందట. ఓ వారం అది కట్టుకుని ఇంట్లో మామూలుగా ఉండమన్నాడు.

వారమంతా మంచం దిగొద్దని మా మరిది ముందే చెప్పాడు. ఈ సత్యసంధుడు వింటేగా! దొంగవేషాలు తన వల్ల కాదన్నాడు. కూర్చుంటే తొడ దాకా నిప్పు పెట్టినట్టు ఉంటుందని పొద్దస్తమానం వంటింటికీ వాకిలికీ మధ్య తిరిగాడు. అన్నం కూడా కిటికీ దగ్గర నిలబడే తిన్నాడు. చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయేది. ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక గిన్నెల మీద చూపించాను.

ఇవాళ డాక్టరు స్క్రీన్ మీద గీతలు చూసి తెగ మురిసిపోయాడు. ఇంత చురుకైన మనిషిని ఈమధ్య చూడలేదట. డ్యూటీకి ఫిట్ అని రాసేసి, ఎదురుగా ఉన్న కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. ఈయన పర్లేదంటూ గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

నేనింక ఉండబట్టలేకపోయాను. "కూర్చోలేకే కదండీ ఆయన అంతలా తిరిగింది?"

"ఎందుకు తిరిగారో ఇందులో రాదమ్మా. తిరిగినట్టు మాత్రమే వస్తుంది," అన్నాడు డాక్టరు.

నాలుగు దులిపేసేదాన్నే. మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చేశాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సు దాదాపు ఖాళీ. నేను కూర్చున్నాను. ఈయన నా పక్కనే కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. ఆ డ్రైవరు ఈయన దగ్గర పని నేర్చుకున్నవాడే. ఇన్ని సీట్లుండగా ఆ నిలబడడమేంటన్నా అని అద్దంలోంచి నవ్వాడు.

"రేపు పొద్దున ఈ బండి నాదేరా," అన్నాడు మా ఆయన. "ఫిట్ అని రాసేశారు."

అతని నవ్వు ఆగిపోయింది. అక్కణ్ణుంచి ప్రతి గుంత దగ్గరా బండిని మెల్లగా దించాడు. అయినా కుదుపు కుదుపుకీ మా ఆయన పళ్ళు బిగబట్టాడు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆ బెల్టు గనక ఇంకా ఒంటి మీదే ఉంటే, నిటారుగా నిలబడ్డాడనే రాసుకునేది.