నోరెత్తని మూత్రపిండాలు

ఆ ఆసుపత్రి గుండె వార్డులో పొద్దుటి పనులు ఎప్పుడూ ఒక్కలాగే ఉంటాయి. దుప్పట్లు మార్చాలి, బీపీ చూడాలి, మంచం పక్కన వేలాడే సంచిలో మూత్రం ఎంత వచ్చిందో రాయాలి. ఆ తర్వాత అందరూ పెద్దక్క అని పిలిచే హెడ్ నర్సు ఒక్కొక్కరి నడుము కింద అరచెయ్యి పెట్టి, వాళ్ళ మూత్రపిండాలు ఏమంటున్నాయో విని రాస్తుంది. కేస్ షీట్‌లో దానికో గడి ఉంది. గుండె ఆపరేషన్‌లో గుండెకి కాపలా కాసేవాళ్ళు పదిమంది. వీపు వెనక నక్కి కూర్చున్న ఆ రెండింటి గోడు వినే దిక్కు పెద్దక్క ఒక్కతే.

నాలుగో మంచం మీద బస్సు డ్రైవరు. పదింటికి ఆపరేషన్. రక్తనాళాల ఫొటోలు తియ్యడానికి మొన్న ఆయన ఒంట్లోకి రంగుమందు ఎక్కించారు. దాన్ని కడిగి బయటికి పంపాల్సింది మూత్రపిండాలే.

"అర్ధరాత్రి నుంచి ఏమీ తాగొద్దన్నారు. నేను నిన్న పొద్దుటి నుంచే మానేశా," అన్నాడాయన గర్వంగా. "స్టీరింగ్ ముందు కూర్చున్నాక మధ్యలో దిగడాలుండవు సిస్టర్. మనకిది అలవాటే."

పెద్దక్క చెయ్యి పెట్టింది. చాలాసేపు తియ్యలేదు. 'ఎండిపోయాం,' అన్నాయవి, అదీ మొహమాటంగా.

గడి చదివిన సర్జన్ డ్రైవరు భార్యని పిలిచాడు. ఐదు రోజులు ఆగి, సెలైన్ ఎక్కించాక చేస్తే మంచిదన్నాడు.

"ఎంత తొందరగా చేస్తే అంత మంచిదని మీరే అన్నారు కదండీ. ఈలోపు గుండె ఆగిపోతే?"

"ఐదు రోజులు ఆగితే గుండెకి భయం, అది నిజమేనమ్మా. ఇప్పుడే కోస్తే కిడ్నీలకి భయం. అవి పోతే ఇక రక్తం కడిగే మిషన్ మీదే బతకాలి. మీరు ఊఁ అంటేనే ఆపుతాను."

ఆమె నాలుగో మంచం దగ్గరికి వచ్చింది. పెద్దక్క ఆమె చెయ్యి పట్టుకుని మొగుడి నడుము కింద పెట్టింది. "మీరే వినండి."

ఆ రెండూ ఆమెని గుర్తుపట్టాయి. 'అమ్మా, నువ్వు రోజూ నింపిచ్చిన సీసాలోంచి ఒక్క గుక్క కూడా మా దాకా రాలేదు. అన్నీ బస్సు రేడియేటరే తాగింది.'

ముప్పై ఏళ్ళపాటు ఖాళీ సీసా చూసి మురిసిపోయిన మనిషికి ఏడుపు తన్నుకొచ్చింది. "ఇంజను మీదున్న ప్రేమ ఒంటి మీద లేకపోయిందేమయ్యా," అంది.

"అది వేడెక్కితే బస్సులో అందరూ దిగిపోవాలి కదే," అన్నాడు డ్రైవరు, గోడకేసి చూస్తూ.

ఆపమని సంతకం పెట్టింది.

మూడో రోజు ఆయనకి ఛాతీ నొప్పి వచ్చి మానిటర్ గోల పెట్టింది. చేజేతులా మొగుణ్ణి చంపుకున్నానని ఆమె కారిడార్లో కూలబడింది. మందుకి నొప్పి తగ్గింది గానీ ఆమె సాయంత్రం దాకా మానిటర్ ముందు నుంచి కదల్లేదు. ఆరో రోజు పొద్దున్న పెద్దక్క చెయ్యి పెడితే, 'ఇక తీసుకెళ్ళండి,' అన్నాయవి.

థియేటర్లో గుండెని ఆపి, దాని పని మిషన్‌కి అప్పగించారు. పెద్దక్క చెయ్యి పచ్చగుడ్డ కిందే ఉంది. సగంలో, 'రక్తం అందడం లేదు,' అని వినిపించింది. "ప్రెషర్ పెంచండి," అంది. మిషన్ నడిపేవాడు తల తిప్పకుండానే పెంచాడు.

సాయంత్రం సంచిలో మొదటి గంటకి ఆరు మిల్లీలీటర్లు. రెండో గంటకి పదకొండు. అద్దం అవతల నిలబడ్డ భార్యకి పెద్దక్క వేళ్ళతో అంకెలు చూపించింది. మూడో గంటకి నలభై. అది చూపించడానికి పది వేళ్ళూ నాలుగుసార్లు తెరవాల్సి వచ్చింది.

మర్నాడు గొంతులోంచి ఊపిరి గొట్టం తీశారు. డ్రైవరు చాలాసేపు పెదాలు కదిపాడు. భార్య వంగి చెవి పెట్టింది.

"నీళ్ళు," అన్నాడు.

ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన నోరు తెరిచి నీళ్ళడగడం అదే మొదలు. ఎన్ని చెంచాలు పట్టొచ్చో పెద్దక్కని అడిగి, అన్నే పట్టింది.