నలభై సెకన్లకు ఆరాల్సిన కొవ్వొత్తి

సైన్సు టీచరమ్మది ఇరవై రెండేళ్ళ అలవాటు. ముందు ఫలితం చెప్పి రాయించేస్తుంది, ఆ తర్వాతే ప్రయోగం చేసి చూపిస్తుంది. ప్రయోగం అంటే మాటలా మరి? సీసా పగలొచ్చు, అగ్గిపెట్టె చెమ్మగిల్లొచ్చు, మధ్యలో గంట కొట్టేయొచ్చు. ఫలితం ముందే రాసేసుకుంటే ఏ గొడవా ఉండదు. ఆవిడ క్లాసు పిల్లల పుస్తకాల్లో ఒక్క కొట్టివేత కనబడితే ఒట్టు.

ఆ రోజూ అంతే. "గాజు గ్లాసు బోర్లించిన నలభై సెకన్లకు కొవ్వొత్తి ఆరిపోయినది" అని ముప్పై ఎనిమిది మందిచేతా రాయించి, కింద గీత గీయించింది. అప్పుడు తీరిగ్గా పళ్ళెంలో నీళ్ళు పోసి, మధ్యలో కొవ్వొత్తి నిలబెట్టి వెలిగించి, గ్లాసు బోర్లించింది. నలభై సెకన్లయింది. ఐదు నిమిషాలయింది. ఇంటిగంట కూడా కొట్టేశారు. కొవ్వొత్తి తనకేం పట్టనట్టు వెలుగుతూనే ఉంది.

మర్నాడు వచ్చి చూస్తే అలాగే ఉంది. వారం తర్వాతా అలాగే ఉంది. వెంట్రుకవాసి కరిగితే కదా!

పెద్దసారు వచ్చి గ్లాసు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. "క్రమశిక్షణ అనేది ఏమైనా ఉందా?" అని కొవ్వొత్తిని గద్దించాడు. కిటికీలు మూయించాడు, తెరిపించాడు. పిల్లల్ని వరసలో నిలబెట్టి గ్లాసు బయటినుంచి ఊదించాడు.

"ఓసారి గ్లాసు తీసి చూద్దామా సార్?" అంది టీచరమ్మ.

"తప్పు కదమ్మా! కొవ్వొత్తి ఆరిన పిమ్మట గ్లాసు తీయవలెను అని పాఠంలోనే ఉంది. ఆరలేదుగా, ఎలా తీస్తాం?"

ఆవిడ ఇంటికెళ్ళి వంటగట్టుమీద ఖాళీ గాజు సీసా బోర్లించి చూసింది. పదకొండు కొవ్వొత్తులు, పదకొండూ బుద్ధిగా ఆరిపోయాయి.

"ఆరాయిగా, ఇంకా ఆ ఏడుపు మొహం దేనికే?" అంది అత్తగారు.

"ఇక్కడ ఆరితే ఏం లాభం అత్తయ్యా, అక్కడ ఆరాలి. రేపు తనిఖీ. పుస్తకంలో ఒకటీ ప్రయోగంలో ఒకటీ వస్తే సైన్సు గదికి తాళం వేసేస్తారు. నన్ను తీసుకెళ్ళి ఆఫీసులో హాజరుపట్టీలు రాయడానికి కూర్చోబెడతారు."

చెబుతుంటేనే ఆవిడకు ఏడుపొచ్చింది. ఆ గదంటే అంత ప్రాణం.

తనిఖీ అధికారి పిల్లల పుస్తకాలు తిరగేసి తెగ ముచ్చటపడ్డాడు. తలెత్తేసరికి కొవ్వొత్తి కనబడింది.

"పుస్తకంలో ఆరింది, బల్లమీద ఆరలేదు. రెండింట్లో ఒకటి తప్పన్నమాట."

"పుస్తకం తప్పయ్యే అవకాశం లేదు సార్," అన్నాడు పెద్దసారు వినయంగా.

అధికారికి పాఠంలోని నియమం తెలియదు. ఊది ఆర్పేద్దామని గ్లాసు ఎత్తాడు. ఆయన నోరు తెరిచేలోపే, గాలి తగిలిందో లేదో, కొవ్వొత్తి పుటుక్కున ఆరిపోయింది.

"ఆరింది!" అని పెద్దసారు చప్పట్లు కొట్టాడు. అధికారి కాగితంమీద 'ప్రయోగం సఫలం' అని రాసి టీచరమ్మ ముందుకు జరిపాడు. ఒక్క సంతకం పెడితే చాలు, గది దక్కుతుంది.

ఆవిడ పెన్ను మూత తీసింది. పిల్లలంతా ఆవిడ చేతినే చూస్తున్నారు. ఎన్నడూ లేనిది, ఆవిడకు ఆ పిల్లల ముందు సిగ్గేసింది.

"గ్లాసు తీశాక ఆరింది సార్. గ్లాసు కింద ఉన్నన్నాళ్ళూ ఆరలేదు. ఎందుకో నాకు తెలీదు."

"సంతకం పెట్టకపోతే రేపట్నుంచి ఈ గది ఉండదు. తెలుసుగా?"

"తెలుసు సార్."

ఆవిడ కాగితం వెనక్కి ఇచ్చేసింది. అధికారి విసవిసా వెళ్ళిపోయాడు. తాళంకప్ప తేవడానికి పెద్దసారు ఆయన వెనకే పరిగెత్తాడు.

గంట కొట్టడానికి ఇంకా పది నిమిషాలుంది. టీచరమ్మ మనసు దూదిపింజలా తేలిపోతోంది.

"పుస్తకాలు తీయండి. పాత ఫలితం కొట్టేయండి. ఈ వారం రోజులూ మీ కళ్ళతో మీరేం చూశారో అదే రాయండి. ఈసారి నేను చెప్పను."

ముప్పై ఎనిమిది పుస్తకాలు తెరుచుకున్నాయి. అందరూ పెన్నులు పట్టుకుని పేజీలకేసి చూస్తున్నారు. పిల్లలు ఆలోచిస్తున్నారు కాబోలని ఆవిడ కడుపు నిండిపోయింది. ఐదు నిమిషాలు గడిచాయి. ఒక్కరూ అక్షరం ముక్క రాయలేదు. చివరికి మొదటి బెంచీ పిల్ల బిక్కుబిక్కుమంటూ లేచి నిలబడింది.

"మేం ఏం చూశామో చెప్పండి టీచర్, రాసుకుంటాం."