కుట్టుపూల రవిక కింద

చదివే తల్లులారా, అయ్యలారా, ముసలితనంలో అక్షరాలు దిద్దిన చెయ్యి ఇది. తప్పులుంటే మన్నించండి. నా రాత నెమ్మది, ఓపిక పట్టండి.

లాజరు పండుగనాడు మా బల్గేరియా పల్లెలో ఆడపిల్లలు కుట్టుపూల రవికలు, నాణేల దండలు వేసుకుని ఇంటింటా పాడి, కానుకగా గుడ్లు తీసుకుంటారు. పాడని పిల్లకు పెళ్లి కాదంటారు. ఆ ఏడు మా ఊరి పిల్ల జ్లాత్కా కూడా బయలుదేరింది.

పదకొండేళ్ల ఆ పిల్లకు రక్త క్యాన్సర్. మందులు ఎక్కించడానికి పట్నం ఆసుపత్రిలో ఛాతీకి సన్నని గొట్టం పెట్టారు. కట్టు తడవకూడదనీ, ఒళ్లు వెచ్చబడితే వెంటనే తీసుకురావాలనీ మరీ మరీ చెప్పారు.

నాయనమ్మ గేనా మాత్రం క్యాన్సరంటే పరువు పోతుందని, పిల్లకు నీరసమని ఊళ్లో చెప్పుకుంది. రాలిన జుట్టును తలగుడ్డతో కప్పింది. పండుగకు మూడు రోజుల ముందు స్నానంలో కట్టు తడిస్తే ఊడదీసి, ఇంట్లో ఉతికిన గుడ్డ చుట్టి, పండుగనాడు దాని పైన రవిక బిగించింది.

మూడో ఇంటి ముందు పిల్ల వణకసాగింది. తల్లి స్తాంకా నుదురు తాకి అదిరిపడింది.

"అత్తయ్యా, ఒళ్లు కాలిపోతోంది! ఆసుపత్రికి పోదాం."

"మెల్లగా మాట్లాడవే! మధ్యలో లాక్కుపోతే ఊరు ఊరుకుంటుందా? పాట అయ్యాక చూద్దాం."

స్తాంకా అత్త మాట దాటలేక పిల్లను ముందుకు నడిపించింది.

ఆ ఇంటి త్రేనా గుడ్డు పట్టుకొచ్చింది. "ఏమే గేనా, పిల్లకు కూడు పెట్టడం లేదా? గాలికి ఊగిపోతోంది! ఇదిగో, పట్టుకో తల్లీ."

గుడ్డు జారి పగిలింది. దాని వెనకే పిల్ల కూలిపోయింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ రవిక విప్పింది. గొట్టం చుట్టూ ఎర్రగా వాచి చీము పట్టింది.

"ఎప్పటి నుంచి నొప్పి?"

"నిన్నటి నుంచి."

"మరి చెప్పలేదేం, బంగారం?"

జ్లాత్కా నాయనమ్మ వైపు చూసింది. "అది ఎవరికీ చెప్పకూడదు కదా."

గేనా ముఖం గోడ వైపు తిప్పుకుంది.

గొట్టం తీసేశారు. క్యాన్సర్ మందులు ఆపి, ముందు క్రిములతో పోరాడారు. పిల్ల చావు అంచు దాకా పోయి వచ్చింది.

"గొట్టమున్న బిడ్డకు జ్వరమొస్తే గంట కూడా ఆగకూడదు," అంది డాక్టరమ్మ. "మీరు పరువు కోసం ఆగారు. క్రిములకు పరువేంటమ్మా?"

మరుసటి ఏడు లాజరు పండుగ వచ్చేసరికి జ్లాత్కాకు కొత్త గొట్టం పెట్టారు. గేనా పాత రవిక మెడను తన చేత్తోనే వెడల్పుగా కత్తిరించింది, కట్టు ఒరుసుకోకుండా.

"అయ్యో, తాతల నాటి రవిక! ఛాతీ మీద ఆ కట్టేంటే?" అంది త్రేనా, తన గుమ్మం ముందు పాడుతున్న పిల్లను చూసి.

"క్యాన్సర్‌కు మందు పోయే గొట్టం. పోయినేడు నీ దగ్గర దాచి పిల్లను చంపుకోబోయాను," అంది గేనా.

జబ్బు చేసిన బిడ్డకు సిగ్గెందుకు? ఆ బిడ్డ నొప్పి చెప్పుకోలేని ఇల్లు సిగ్గుపడాలి.

— రాద్కా, డెబ్బై ఒక్క ఏళ్లు. ఇప్పుడు ప్లొవ్‌దివ్‌లో కూతురింట ఉంటున్నాను.