అత్తమ్మ ఫోటోల పిచ్చి

మా అత్తమ్మ భాగ్యమ్మకు ఫోటోల పిచ్చి పట్టిందని ఇంటిల్లిపాదీ తేల్చేశాం. మా ఆయన రవీందర్ కొత్త ఫోన్ కొనుక్కుని, పాతది ఆమె చేతిలో పెట్టినప్పటి నుంచి ఎక్కడికి వెళ్లినా ఇదే తంతు. అనంతగిరి వెళ్తే అడవిని ఫోటో తీసింది, సరే. హోటల్లో మెనూ కార్డు ఫోటో ఎందుకు? శ్రీశైలంలో ఆడవాళ్ల బాత్రూం తలుపు మీద ఉన్న బొమ్మను కూడా తీసింది. పోనీ తీసినవి ఎవరికైనా పంపుతుందా అంటే అదీ లేదు. ఫోన్‌ను ముక్కు దాకా తెచ్చుకుని, రెండు వేళ్లతో బొమ్మను సాగదీసి చూసుకుంటుంది. ఆ తర్వాత గానీ అడుగు కదపదు.

మిగతా వాళ్లకు అదొక నవ్వులాట. నాకు మాత్రం ఒళ్లు మండేది. నేను అసలే ముక్కోపిని. వారమంతా ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోని ఆఫీసులో కాల్స్, మీటింగులు, ట్రాఫిక్. ఆదివారం ఒక్క పూట ఆరుబయట తిరిగొద్దామని వెళ్తే, నాలుగడుగులకోసారి ఆగి ఈమె ఫోటో అయ్యేదాకా నిలబడాలి. ఎంతని ఓర్చుకుంటాం?

మొన్న ఆదివారం ఖాజాగూడ గుట్టల మీదికి వెళ్లాం. గోపన్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ నుంచి కారులో పెద్ద దూరమేం కాదు. మా అమ్మాయి వర్షిత మూడో తరగతి. పక్షుల ఫోటోలు తెమ్మని టీచరు చెప్పిందట. అత్తమ్మను ఇంట్లోనే ఉండమన్నాను. "ఆ గుట్టల పక్క పుప్పాలగూడల పుట్టిన పిల్లను, నాకు గుట్టలు కొత్తనా" అంటూ చెప్పులేసుకుని అందరికంటే ముందు లిఫ్ట్ దగ్గర నిలబడింది.

గుట్ట దగ్గర దిగగానే తండ్రీకూతుళ్లు కెమెరా పట్టుకుని ముందుకు ఉరికారు. మేమిద్దరం వెనకపడ్డాం. ఎక్కడం మొదలుపెట్టామో లేదో అత్తమ్మ ఫోన్ బయటికి వచ్చింది. బాట ఫోటో ఒకటి. బాటలో ఉన్న రాయిది ఒకటి. మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకోవడం, సాగదీయడం, ఒక అడుగు వేయడం. వెనక వస్తున్నవాళ్లు మమ్మల్ని తప్పుకుని పోతున్నారు. ఎండ ఎక్కుతోంది. రవీందర్, వర్షిత ఎప్పుడో కనుమరుగయ్యారు.

"రాళ్లను ఏం ఫోటో తీస్తరు అత్తమ్మా? జర నడువున్రి" అన్నాను.

"వస్తున్న బిడ్డా, గీ ఒక్కటి" అంది.

ఆ ఒక్కటీ అయ్యాక ఇంకోటి మొదలుపెట్టింది. నా ఓపిక అయిపోయింది. "ఇటియ్యున్రి" అని ఫోన్ లాక్కుని, నా బ్యాగులో పడేసి జిప్పు లాగాను. ఆమె ఖాళీ చేతిని కాసేపు అలాగే ఉంచి, తర్వాత కొంగు సర్దుకుంది. "నువ్వు ముంగట నడువు, నీ ఎంబడే వస్త" అంది.

నేను విసవిసా ముందుకు నడిచాను. వెనక దబ్బున చప్పుడైంది. తిరిగి చూస్తే అత్తమ్మ రెండు బండల మధ్య సందులో పడి ఉంది. మోకాలి లోతు గుంత అది, వర్షితకు కూడా కనిపించేదే. ఆమె సాఫీ నేల అనుకుని అందులో కాలు పెట్టింది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. పరుగున వెళ్లి లేపి బండ మీద కూర్చోబెట్టాను. మోచేయి గీరుకుపోయింది గానీ ఎముకకేం కాలేదు. నీళ్లు పోసి కడుగుతూ, "అంత పెద్ద గుంత కనవడలేదా?" అన్నాను. ఆమె నా వైపు తిరిగింది. చూపు మాత్రం నా ముఖం మీద నిలవలేదు, నా చెవి పక్కనుంచి ఎటో పోయింది. అప్పుడు తట్టింది నాకు.

"ఎప్పటిసంది అత్తమ్మా?"

"నిరుడు బోనాలప్పటిసంది. కండ్లల్ల పొరలొచ్చినయి. దూరంది ఏం చూసినా అంత పొగ పొగ. దగ్గర వెట్టుకుంటే జర కనవడ్తది. ఫోటో కొట్టి పెద్దగ చేసుకుంటే మంచిగ కనవడ్తది. ఇగ గట్లనే ఎల్లదీస్తున్న."

"మరి చెప్పొద్దా? చిన్న ఆపరేషన్‌తోని పోయేదానికి ఇంత తిప్పలా?"

"మీ మామకు గూడ గట్లనే అన్నరు. ఏదో క్యాంపుల చేయిస్తే ఉన్న చూపు గూడ పాయె. సచ్చేదాక చేయి వట్టుకొని నడిపించిన." కొంగుతో మోచేయి తుడుచుకుంది. "రవికి చెప్పకు బిడ్డా. వానికి ఎరుకైతే వర్షితను స్కూల్ బస్సు కాడికెల్లి తీసుకొచ్చుడు బంద్ చేయిస్తడు. పొద్దు గూకేదాక నాకు ఆ ఒక్క పనే ఉన్నది."

నీళ్ల సీసా పట్టుకున్న చేయి అలాగే ఆగిపోయింది. రోజూ సాయంత్రం నా బిడ్డను రోడ్డు దాటించి తెచ్చేది ఈమె. టిప్పర్లు, క్యాబులు ఆగకుండా పోయే రోడ్డు అది.

"బస్సు నంబరు ఎట్ల చూస్తరు?"

"ఫోటో కొట్టి."

"మరి రోడ్డు?"

"ఎవలన్న దాటుతుంటే ఆళ్ల ఎంబడే దాటుత."

మళ్లీ కోపం వచ్చింది, ఇందాకటి చిరాకు కాదు, కన్నతల్లి కోపం. నా పిల్లకు ఏమన్నా అయితే అని అరవబోయాను. ఆమె రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, దెబ్బ తినడానికి సిద్ధపడినట్టు కూర్చుని ఉంది. అరుపు మింగేశాను.

"నా ఫోన్ జర ఇయ్యరాదు" అంది మెల్లగా.

బ్యాగులోంచి తీశాను. ఫోటోలు తెరిచే ఉన్నాయి. ఇవ్వబోతూ వేలితో వెనక్కి జరిపాను. బస్సు నంబర్లు, లిఫ్ట్ బటన్లు, మాత్రల అట్టలు, పొయ్యి మీద గిన్నెలో పాలు. వాటి మధ్య మధ్య నేను. చెప్పులు విప్పుతూ నేను, సోఫాలో ల్యాప్‌టాప్ ముందు నేను, ఫ్రిజ్ తలుపు పట్టుకుని నేను.

"గివేంది? నన్నెందుకు తీసిన్రు?"

ఆమె తల దించుకుంది. "నువ్వు ఆఫీసుకెల్లి వస్తవు. నీ మొకం ఎట్లున్నదో నాకు కనవడదు. మాట్లాడొచ్చునో లేదో ఎరుక గాదు. గందుకే ఫోటోల చూసుకుంట."

"కోపంగ ఉంటే?"

"లోపలికి పోయి కూసుంట."

ఇంకా వెనక్కి జరిపాను. నేను చూసినంత మేర ఒక్క దాంట్లోనూ నేను నవ్వుతూ లేను. ఎన్ని సాయంత్రాలు ఆమె తన గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుందో. సీరియల్ చూస్తోంది కాబోలు అనుకునేదాన్ని. నా మీద నాకే అసహ్యం వేసింది, ఆమె మీద జాలి కలిగింది.

పక్కన కూర్చున్నాను. "రవికి చెప్పక తప్పదు అత్తమ్మా. నేనే చెప్త. ఆయన మీ మీద ఒర్లకుంట నేను చూసుకుంట. క్యాంపులు వద్దు, మంచి కండ్ల దవాఖానకు పోదాం. నేను లీవు పెట్టి మీ పక్కనే ఉంట."

"వర్షితనో?" అంది. ఆమెకు కావాల్సిన జవాబు అదొక్కటే.

"కండ్లు మంచిగయ్యేదాక మీరొక్కలే పోవద్దు. ఎవరో ఒకలం తోడొస్తం. మంచిగయినంక మళ్ల మీరే తీసుకురావాలె. ఆ పని ఇంకొకలకు ఇయ్యను."

ఆమె కొంగు అంచును వేళ్లకు చుట్టుకుంది. నేను చెప్పింది నమ్మాలో వద్దో తేల్చుకోలేకపోతోందని తెలుస్తూనే ఉంది. చివరికి చేయి చాచింది. ఫోన్ ఇచ్చాను. దాన్ని నా ముఖానికి ఎదురుగా పట్టుకుని ఫోటో తీసింది. నేను నవ్వడానికే ప్రయత్నించాను. ఆమె ఫోన్‌ను ముక్కు దగ్గరికి తెచ్చుకుని, నా ముఖాన్ని రెండు వేళ్లతో పెద్దది చేసి, అటూ ఇటూ జరుపుతూ చూసింది.

"గిదేం మొకం బిడ్డా? నవ్వుతున్నవా, ఏడుస్తున్నవా? నాకు సమజైతలేదు."

"రెండూ అత్తమ్మా" అన్నాను.

"అయితే నేను లోపలికి పోయేది లేదు గద" అంది.