రోటర్ పంపు

“అక్కా, రోటర్ పంపు” అని మేడ మీంచి మా బావమరిది కేకేశాడు.

“ఆ, అలాగే” అంది కింద నుంచి మా ఆవిడ.

మేడ మీద వాడు హెలికాప్టర్‌లా ఉండే తన ఆటోగైరో బొమ్మని నా చేతికి అంటగట్టాడు. ముక్కు దగ్గరి చిన్న ఫ్యానుకి మోటారు ఉంటుంది, అది ముందుకు లాగుతుంది. నెత్తిన ఉండే పెద్ద రెక్కల చక్రమే రోటర్. దానికి మోటారు లేదు, గాలే తిప్పాలి. తిరిగితే పైకి, తిరక్కపోతే తిరిగి ఇంటికి. పోయినసారి రెక్కల్ని తలకి మరీ గట్టిగా బిగించాడు. తలబిరుసు ఎక్కువై పక్కకి బోర్లా పడింది. ఈసారి మెత్తటి పట్టీలతో బిగించి, జిగురు ఆరడానికి రోటర్‌ని కింద గదిలో వదిలేసి వచ్చాడు.

గొడవంతా ఆ గది మీదే. ఇవాళ చీకటి పడేలోగా రోటర్ గాలికి తిరిగితే గది తమ్ముడిది, లేకపోతే తన కుట్టుమిషన్‌ది అని మా ఆవిడ తేల్చేసింది. వాడేమో గాలి ఎటుందో చూడ్డానికి దారప్పోగు పైకి పట్టుకుని నిలబడ్డాడు, తను కదిలితే గాలి పారిపోతుందన్నట్టు.

“పంపు అన్నానా?”

“వేశాను కదరా.”

“పైకి రాలేదేంటి మరి?”

“వస్తుంది ఆగు. గొట్టంలో గాలి ఉన్నట్టుంది.”

“గొట్టమేంటి బావా?”

“మీ అక్క మాటలకి అర్థాలు వెతకడం నేను పెళ్లయిన కొత్తలోనే మానేశాను.”

“అక్కా, అసలు ఏం చేస్తున్నావ్?”

“నేను చేసేదేముంది? అదే గిర్రున తిరుగుతోంది.”

వాడి మొహం పాలిపోయింది. “గదిలో తిప్పేస్తోంది బావా. రెక్కలు గోడకి కొట్టుకుంటే? అక్కా, దాన్ని ముట్టుకోకు, అలాగే వదిలెయ్.”

“సరే, వదిలేశా.”

“జిగురు పూర్తిగా ఆరాక తెస్తుందిలే” అని నేను సర్దిచెప్పాను.

కాసేపటికి మేడ మీది నీళ్ల ట్యాంకు పొంగింది. మేడంతా తడిసి, ఆ నీళ్లు కింది వాటాలో అద్దెకుంటున్న డ్రాయింగ్ మాస్టారి నెత్తిన పడ్డాయి. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ మెట్లెక్కి వచ్చారు.

“నాకు అద్దెకిచ్చింది వాటానా, వాటర్‌ఫాలా?”

వెనకే మా ఆవిడ. “వీడేనండీ, ఆపొద్దన్నాడు.”

వాడు ఆమె వంక చూడకుండా కిందకి పరిగెత్తి రోటర్ తెచ్చాడు. బొమ్మకి తగిలించి, దాని తల వెనక్కి వాల్చి గాలికెదురుగా పట్టుకున్నాడు. రెక్కలు బద్ధకంగా సగం చుట్టు తిరిగి ఆగిపోయాయి. దారప్పోగు ఎప్పుడో కిందకి వేలాడిపోయింది.

“గాలి పడిపోయేదాకా కావాలనే ఆపావు” అన్నాడు. “గది కావాలంటే అడగొచ్చుగా అక్కా.”

“నేనా?” అంది మా ఆవిడ. “అడిగిన పని చేసినందుకు నన్ను దొంగని చేస్తావురా?”

అప్పటికి గానీ నా బుర్రలో చక్రం తిరగలేదు. “ఒసే, వాడేం అడిగాడు?”

“మోటర్ పంపు అన్నాడు. స్విచ్ వేశాను.”

“వాడన్నది రోటర్. పంపు అంటే నీళ్ల పంపు కాదు, పైకి పంపించమని.”



“అంటే నేను తడిసింది ఒక్క అక్షరానికా?” అన్నారు మాస్టారు.

మా ఆవిడ తమ్ముడి చేతిలోని రెక్కల్ని చూసి, చీపురు వాడికి అందించింది. “ముందు ఈ నీళ్లు తోసెయ్. రేపటి గాలి కూడా నీకే, గది సంగతి అప్పుడే తేలుద్దాం. ఈసారి కేకలెయ్యకు, దిగొచ్చి నువ్వే పట్టుకెళ్లు.”