లేపితేనే లేచే సర్వీసు

ప్రతి ఆదివారం ఉదయం ఆరింటికి ఆమె స్టవ్ మీద పాలు పెట్టి, పక్కనే గట్టు మీద లాప్‌టాప్ తెరిచేది. ఆ వేళకి ఆమె పనిచేసే పార్సిల్ గోదాములో సర్వరు ఆగి మళ్ళీ మొదలవుతుంది. సర్వరు లేస్తుంది గానీ, స్కానర్లతో మాట్లాడే ప్రోగ్రాం, సర్వీసంటారు దాన్ని, లేవదు. అది లేవకపోతే నలభై మంది లోడర్ల చేతుల్లో స్కానర్లు ఆటబొమ్మలు. ఆమె ఒక లైను కొడితే లేస్తుంది. నాలుగేళ్ళుగా కొట్టింది. జ్వరంలో కొట్టింది, పురిటి మంచం మీద నుంచి కొట్టింది.

దానంతట అదే లేవాలంటే ఇంకో లైను రాస్తే చాలు, ఒక్కసారి. కానీ సర్వరు మొదలయ్యే తీరులో ఏ మార్పు చేయాలన్నా మేనేజరు సంతకం కావాలి. మేనేజరు ఆమె భర్తకు సొంత అన్న. ఉద్యోగం తనే ఇప్పించానని ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పేవాడు. మూడుసార్లు ఫారం పెట్టింది. మూడుసార్లూ 'అవసరం లేదు' అని రాసి తిప్పి పంపాడు. భోజనాల దగ్గర అడిగితే, అది తనే లేస్తే ఇక మరదలికి పనేముంటుందన్నాడు. భర్త నవ్వాడు. ఒక్క మీట నొక్కడానికి ఇంత రాద్ధాంతమా అంది అత్తగారు.

అసిస్టెంట్ మేనేజరు పోస్టు పడింది. బావగారు ఇంకొకతన్ని సిఫారసు చేస్తూ రాసిన ఉత్తరం ప్రింటరు మీదే మర్చిపోయాడు. 'ఆవిడ పని వారానికి ఒక మీట నొక్కడం. బాధ్యత మోయలేదు.' ఆమె రెండుసార్లు చదివి, కాగితం తీసుకెళ్ళి ఆయన బల్ల మీద పెట్టింది. తర్వాత సెలవు చీటీ రాసింది, ఒక్క రోజుకి, ఆదివారానికి. ఆయన ఫోన్లో మాట్లాడుతూ తేదీ చూడకుండా సంతకం పెట్టాడు.

ఆ ఆదివారం తలంటుకుంది. ఆరుంపావుకి మొదటి ఫోను. ఏడులోపు పదకొండు. అన్నయ్య చేస్తున్నాడు, ఎత్తవే అన్నాడు భర్త. సెలవులో ఉన్నానంది. ఎనిమిదింటికి భర్త బతిమాలాడు. అప్పుడు జుట్టు ఆరబెట్టుకుని బస్సెక్కింది.

లారీలు గేటు దాటి రోడ్డు దాకా నిలబడ్డాయి. లోడర్లు మూటల మీద కూర్చుని ఉన్నారు. బావగారు ఆమె కుర్చీలో కూర్చుని, తోచిందల్లా కొట్టి, తడిసిన కాలరుతో లేచాడు. త్వరగా కానియ్యమన్నాడు.

ఆమె కూర్చోలేదు. నాలుగో ఫారం ముందు పెట్టింది.

"ముందు నడిపించమ్మా, తర్వాత పెడతా."

"సెలవులో ఉన్నాను. సంతకం లేకుండా ముట్టుకోకూడదు. రూలు మీదే."

పెట్టాడు. ఆమె వేలితో ఇంకో గడి చూపించింది. ఇంతకుముందు తిరస్కరించడానికి కారణం.

"ఏం రాయమంటావు?"

"నిజం రాయండి బావగారూ. ఈ సర్వీసు ఏం చేస్తుందో నాకు తెలియదు, అని."

"ఇంటి మనిషివై ఉండి..."

"ఇంటి మనిషినే. అందుకే పెన్ను కూడా తెచ్చాను."

వెనక ఒక లోడరు దగ్గాడు. దగ్గు కాదది. బావగారు రాశాడు. చివరి అక్షరం దాకా ఆమె చూస్తూ నిలబడింది.

కూర్చుని రెండు లైన్లు కొట్టింది, ఒకటి ఇప్పుడు లేవడానికి, రెండోది ఎప్పుడూ లేవడానికి. స్కానర్లు కూశాయి. లోడర్లు లేచారు. దానంతట అదే లేస్తుందో లేదో చూడ్డానికి ఆమె సర్వరును ఆపి మళ్ళీ మొదలుపెట్టింది. బావగారు బల్ల అంచు పట్టుకున్నాడు. నాలుగు నిమిషాలు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆయన చెమట తుడుచుకోవడం చూసింది, తొందరేమీ లేదు. స్కానర్లు వాటంతట అవే కూశాయి.

పని పాకాన పడ్డాక హెడ్డాఫీసుకి దరఖాస్తు రాయడం మొదలుపెట్టింది. నాలుగు ఫారాలూ జత చేసింది. కోరుతున్న పోస్టు అన్నచోట 'అసిస్టెంట్ మేనేజరు' అని రాసి, కాసేపు చూసి, 'అసిస్టెంట్' కొట్టేసింది.